ముప్పై ఎనిమిది రూపాయల కరెంటు

1983 జూన్ 13, సోమవారం

కరెంటు పోయింది. మగ్గాలు ఆగాయి. అవి ఆగినప్పుడు తప్ప నాకు రాసే తీరిక ఉండదు.

ఈ డైరీ తిరుత్తణి రామానుజం అన్న కొత్త సంవత్సరానికి ఇచ్చింది. మా వాళ్ళే. నేత మానేసి బజారులో మగ్గం సామాన్ల అంగడి పెట్టుకున్నాడు. ఆర్నెల్లుగా డైరీ బీరువా మీద దుమ్ము పట్టి ఉంది. తెలుగులో రాస్తే ఈ ఇంట్లో చదవగలిగేవాళ్ళు లేరు. మా ఆవిడ మీనాంబ అరవ బడిలో చదివింది, పిల్లలూ అంతే. మా నాయన ఇసుకలో దిద్దించిన అక్షరాలు నా ఒక్కడికే మిగిలాయి. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాసుకోవచ్చు. నాకు భయంగా ఉంది.

పొద్దున రీడింగు చూసే మనిషి వచ్చి కార్డు మీద రాసి వెళ్ళాడు. నూట ఎనభై ఆరు రూపాయలు. పోయినసారి నూట ఇరవై. ఇంటికీ మగ్గాలకీ ఒకటే మీటరు. మగ్గాలు ఆ రెండే, ఫ్యాను ఆ ఒకటే, బల్బులు ఆ మూడే. రోజులో సగం కరెంటే ఉండదు, బిల్లు మాత్రం పెరుగుతుంది. ఇదేం లెక్కయ్యా అని అడిగితే రేటు పెంచారని ఒక్క ముక్క చెప్పి పక్కింటికి పోయాడు. నూలిచ్చి నేయించుకునే మా యజమాని లుంగీ పీసుకి ఇచ్చే కూలి మూడేళ్ళుగా పెరగలేదు. ఆ సంగతి ఎవరి కార్డు మీద రాయాలి?

జూన్ 14

కార్డు మళ్ళీ చూశాను. నూట ఎనభై ఆరే.

జూన్ 21

మగ్గం నాడెలు కొనడానికి తిరుత్తణి వెళ్ళాను. రామానుజం అన్న అంగడిలో ఇప్పుడు వేరే మాట లేదు. పెళ్ళి కబుర్లు పోయాయి, సినిమా కబుర్లు పోయాయి. ఎవరు వచ్చినా బెంచీ మీద కూర్చుని తమ ఇంటి కరెంటు బిల్లు చెప్పడమే. తిరుత్తణిలో మగ్గాలు లేని ఇంటికే అరవై దాటిందట. తిరువళ్ళూరు నుంచి వచ్చిన ఒకాయన తనది డెబ్బై ఒకటి అని చెప్పి, ఏదో ఘనకార్యం చేసినట్టు చుట్టూ చూశాడు. మా ఊరు పొదటూరుపేట సంగతేమిటని నన్ను అడిగారు. చెప్పాను. బెంచీ మొత్తం జాలిగా నా వైపు తిరిగింది. ఒళ్ళు మండిపోయింది. జాలి పడితే నా బిల్లు తగ్గుతుందా?

రామానుజం అన్న ఊరికే వినడు, అన్నీ చీటీ మీద రాసుకుంటాడు. ఊత్తుకోటలో ఆయన బావమరిది వేరుశనగ చేను అమ్మి మగ్గాలు పెట్టాలని చూస్తున్నాడట. "యాడ కరెంటు అగ్గవో ఆడ పెట్టిస్తాను. మగ్గం యాడ తిరిగినా ఒగటే గదప్పా" అన్నాడు.

బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాటే. మగ్గం ఎక్కడ తిరిగినా ఒకటే. నేనెందుకు ఇక్కడే ఉండాలి?

జూలై 3

నాలుగేళ్ళ కిందట మా నాయన గుంత మగ్గాన్ని పూడ్చి ఈ రెండు పవర్‌లూములు కొన్నాను. అందుకు మీనాంబ కాసుల దండ పోయింది. అప్పటి నుంచి ఈ రెండింటినీ తను "నా దండ" అంటుంది. శుక్రవారం శుక్రవారం మగ్గానికీ మోటారుకీ పసుపు కుంకుమ పెడుతుంది. మోటారుకి ఎందుకే పిచ్చిదానా, అది గిరగిరా తిరిగి నీ పసుపు నా మొహాన కొడుతుంది అంటాను. నవ్వుతుంది. ఈ శుక్రవారం నేను అనలేదు, తను నవ్వలేదు.

జూలై 18

కరెంటు వచ్చిపోయింది. బట్ట మధ్యలో చార పడింది. పీసు తిప్పి కొట్టారు.

ఆగస్టు 4

నిన్న ఆడి కృత్తికకు తిరుత్తణి కొండకు వెళ్ళి వచ్చాం. మనసు తేలికగా ఉంది. ఇంత తేలిక ఈ మధ్య ఎరగను.

నగరి నుంచి మా చెల్లెలు దేవసేన వచ్చింది. నగరి అవతల ఆంధ్రాలో ఉంది. దూరమేమీ కాదు, కానీ ఆ గడప తొక్కి మూడేళ్ళయింది. వాళ్ళ గృహప్రవేశం రోజున నటరాజు బావ తన నాలుగు మగ్గాలూ చూపించి, నీ రెండింటికి తోడుగా ఒక పెట్ట, ఒక పుంజు కొనుక్కో బావా అని పదిమందిలో నవ్వాడు. ఆ రోజు నుంచి చెల్లెల్ని ఏటా కొండ దగ్గరే కలుస్తున్నాను.

ఈసారి ఒక్కతే వచ్చింది. బావ ఏడీ అంటే, తిరువళ్ళూరులో పని ఉండి రాలేదంది. చూశారా, వ్యాపారం తిరువళ్ళూరు దాకా పాకింది. నాలుగు మగ్గాలున్నవాడు కూర్చుంటాడా?

సత్రం వరండాలో పులిహోర తింటున్నప్పుడు అడిగేశాను. "చెల్లీ, మీరు కరెంటుకి ఎంత కడతా ఉండారు?"

"ముప్పై ఎనిమిది కట్టినాం అన్నా."

"మగ్గాలకీ కలిపేనా?"

"ఇంటికంతా ఒగటే బిల్లు" అంది, ఆకు మీదికి వంగి.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కరెంటు కోతలు మీకూ ఉన్నాయా అంటే, కోత వల్ల మాకేమీ ఇబ్బంది లేదంది. మగ్గాల ధర అడిగితే, ఆ పక్క ఎంతకంటే అంతకు దొరుకుతాయంది. ఒక్క ఏరు దాటితే ఇంత తేడానా! మేమిక్కడ కొండకు మొక్కుకుంటున్నాం, దేవుడు అవతలి గట్టున కూర్చున్నాడు.

మీనాంబ ముందుకు వంగి, వారానికి ఎన్ని పీసులు అని మొదలుపెట్టింది. చెయ్యి నొక్కి నోరు మూయించాను. ఎన్ని పీసులు దిగాయని ఒక ఇంటివాళ్ళు ఇంకో ఇంటివాళ్ళను అడగకూడదు. అడిగితే వాళ్ళ పడుగు తెగుతుందని మా వాళ్ళ నమ్మకం. మా అమ్మ సొంత అక్కను కూడా అడిగి ఎరగదు. మీనాంబకు తెలియని సంగతా ఇది? నాకు తల కొట్టేసినట్టయింది.

బయలుదేరేటప్పుడు మిగిలిన పులిహోర అంతా దేవసేన ఆకులో కట్టుకుంది. గిన్నె అడుగున అంటుకున్నది కూడా వేలితో తీసింది. చిన్నప్పటి నుంచీ అంతే, ఒక్క మెతుకు పారెయ్యదు. అందుకే వాళ్ళు బాగుపడ్డారు.

ఆగస్టు 5

నాలుగు మగ్గాలకు ముప్పై ఎనిమిది. అంటే మగ్గానికి తొమ్మిదిన్నర. నాకు మగ్గానికి తొంభై మూడు.

తొంభై మూడు ఎక్కడ, తొమ్మిదిన్నర ఎక్కడ. పదో వంతు.

ఆగస్టు 6

మళ్ళీ వేసి చూశాను. పదో వంతే.

ఆగస్టు 12

మీనాంబకు చెప్పాను. ఇక్కడి మగ్గాలు అమ్మేద్దాం. ఇనుమంతా లారీలో వేసుకుని చెక్‌పోస్టు దాటించడం ఎందుకు, అక్కడే చవకగా కొందాం. ఇల్లు అలాగే ఉంచి, నగరిలో అద్దెకు ఉందాం. రెండు మగ్గాల డబ్బుతో అక్కడ మూడు వస్తాయి, బహుశా నాలుగు. రెండేళ్ళలో నీ దండ నీ మెళ్ళో ఉంటుంది అన్నాను. అరచేతిలో వైకుంఠం చూపించాను.

తను రాట్నం మీద నూలు కండెలు చుడుతూ అంతా విన్నది. రాట్నం ఆపి అడిగింది. "అన్నీ అంత అగ్గవైతే, ఆ ఊరోళ్ళు మగ్గాలు ఎందుకు అమ్ముకుంటా ఉండారు?"

పాతవి అమ్మి కొత్తవి కొంటున్నారేమో అన్నాను.

"ఏమో అంటారే. ఆ పొద్దు నన్ను అడగనిచ్చినారు కాదు."

నాకు కోపం వచ్చింది. లెక్కలు చూసేవాణ్ణి నేనా, నువ్వా అని ఎగిరిపడ్డాను. చీటీ తీసి చూపించాను. తెలుగు అంకెలు కాదు, తనకు తెలిసిన అంకెలే వేశాను. చూసి, చీటీ తిరిగి ఇచ్చేసింది. ఒప్పుకున్నట్టే.

ఆగస్టు 20

వీధి మొదట్లో ఉండే సుందరరాజులు మామ మగ్గాలు చూసుకుపోయాడు. పెద్దమనిషి, బేరం ఎక్కువ ఆడలేదు. అడ్వాన్సు ఇచ్చాడు. మా యజమాని దగ్గర నా వాటా నూలు కూడా తన పేరుకు మార్చమన్నాడు. సరే అన్నాను. నగరిలో నూలుకేం కరువు?

దేవసేనకు పోస్టు కార్డు రాశాను. మేము వచ్చేస్తున్నామనీ, మంచి మగ్గాలు చూసి పెట్టమనీ.

ఆగస్టు 29

దేవసేన దగ్గర నుంచి జవాబు లేదు. పనిలో తలమునకలై ఉంటారు.

సెప్టెంబరు 4

మగ్గాలు పోయాయి.

ఎనిమిదిమంది మోశారు. మీనాంబ పసుపు కుంకుమ పెట్టి హారతి ఇచ్చింది, కూతుర్ని సాగనంపినట్టు. సావిట్లో మగ్గాల కాళ్ళున్న చోట ఎనిమిది నూనె మరకలు మిగిలాయి. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. అలవాటుగా లేచి సావిట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

దేవసేన కార్డు ఇంకా రాలేదు. గురువారం నేనే వెళ్ళి వస్తాను.

సెప్టెంబరు 8

రాయాలి. రాయకపోతే రేపటికి ఇంకోలా గుర్తు పెట్టుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

నగరిలో దిగేటప్పటికి పదకొండు గంటలు. వాళ్ళ వీధిలోకి తిరిగాను. చప్పుడు లేదు. నేతవాళ్ళ వీధిలో పదకొండు గంటలకు చప్పుడు లేదంటే కరెంటు పోయిందని అర్థం. పర్వాలేదు, వీళ్ళకూ కోత ఉందన్నమాట అనుకుని మూలనున్న టీ కొట్టులో కూర్చున్నాను. టీ తాగుతూ పైకి చూశాను. ఫ్యాను తిరుగుతోంది.

గ్లాసు అక్కడే పెట్టి లేచాను.

దేవసేన నన్ను చూసి గడపలోనే నిలబడిపోయింది. లోపలికి రమ్మనలేదు. నేనే వెళ్ళాను. సావిట్లో నాలుగు మగ్గాల చోట రెండున్నాయి. ఒకదాని మీద కట్టెలు పేర్చి ఉన్నాయి, ఇంకోదాని మీద తడి బట్టలు ఆరేసి ఉన్నాయి. తక్కిన రెండూ పాత ఇనుము కొనేవాడికి తూకానికి వేశారట. మాసి నెల నుంచి, అంటే ఫిబ్రవరి ఆఖరు నుంచి, ఎవరూ నూలు ఇవ్వడం లేదు. నేసిన బట్ట కొనేవాడు లేడు. వీధి వీధంతా అంతే. నటరాజు బావ తిరువళ్ళూరులో ఒక రైసుమిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. అదీ ఆయన పని.

ముప్పై ఎనిమిది రూపాయలు నాలుగు మగ్గాలకు కాదు. రెండు బల్బులకు, ఒక ఫ్యానుకు, మాసిలో మగ్గాలు ఆడిన చివరి నాలుగు రోజులకు వచ్చిన పాత బిల్లు అది.

నాకు ముందు వచ్చింది కోపమే, సిగ్గుతో రాస్తున్నాను. కొండ దగ్గర అంత సూటిగా అడిగితే అబద్ధం చెప్పావు కదే అన్నాను.

"అబద్ధం చెప్పలా అన్నా. నువ్వు కరెంటు అడిగినావు, చెప్పినా. నేసింది అడగలా."

"అడగకూడదని తెలీదా నీకు?"

"తెలుసు. దాని చాటునే కూసోనుండాను, ఆర్నెల్లుగా."

నా కార్డు గూట్లో ఉంది, విభూతి పొట్లం కింద. చదివావా అంటే చదివానంది. చదివి నాలుగు రోజులు ఏడ్చిందట. మరి ఒక్క ముక్క రాయకపోయావా అన్నాను. రెండుసార్లు కార్డు కొనిందట. మగ్గాలు పోయాయని ఏ నోటితో రాసేదన్నా, వదిన చదివించుకుని వింటుంది గదా అంది. వదిన అంటే మీనాంబ. ఎవరి ముందు ఎవరు పరువు దాచుకున్నారో చూడండి.

నాకు అన్నం పెడతానని లేచింది. తినేసి వచ్చానని చెప్పాను. తను మరీ అడగలేదు. దారి ఖర్చుకు పోగా ఉన్నది గూట్లో కార్డు పక్కన పెట్టి వచ్చేశాను.

సెప్టెంబరు 9

సుందరరాజులు మామ ఇంటికి వెళ్ళాను. మగ్గాలు తిరిగి ఇమ్మని అడిగాను. డబ్బు చూపించాను. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, అప్పుడు చెప్పాడు. "పడుగు ఎక్కించేసినా నాయనా. ఎక్కిన పడుగు దించేదానికి నాకు చేతులు రావు. కావాలంటే నీ మగ్గం మింద నువ్వే వచ్చి నెయ్. పీసుకింత అని కూలి ఇస్తా."

మంచితనంగానే అన్నాడు. అదే తట్టుకోలేకపోయాను.

యజమాని దగ్గరికి వెళ్ళాను. నా నూలు సుందరరాజులుకు మారిపోయిందనీ, మార్కెట్టు బాగాలేదు కాబట్టి ఈ ఏడాది కొత్త మగ్గానికి నూలు ఇవ్వడం కుదరదనీ అన్నాడు. నూలు లేకుండా మగ్గం కొని ఏం చేసుకోను? కట్టెలు పేర్చుకోవాలి.

సెప్టెంబరు 10

మీనాంబకు అంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కండెల బుట్ట ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ కండెలు ఒక్కొక్కటే తుడుస్తూ అంది.

"అడిగితే పడుగు తెగతాదని నా నోరు మూసినారు. అడగలా. తెగింది ఎవురిది?"

సెప్టెంబరు 11

మీనాంబ మాట్లాడలేదు.

సెప్టెంబరు 12

మాట్లాడలేదు.

అక్టోబరు 6

సుందరరాజులు మామ ఇంట్లో నేస్తున్నాను. మూడు వారాలయింది. ఎడమవైపు మగ్గం నాది. నాదంటే, నాదిగా ఉండింది. దాని మీద మీనాంబ పెట్టిన పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. వాళ్ళావిడ పసుపు పెట్టదు, వాళ్ళకు ఆ అలవాటు లేదు.

మగ్గాలమ్మిన డబ్బు పెట్టెలో ఉంది. బియ్యానికి తీస్తున్నాం, బడి పుస్తకాలకు తీశాం. రోజుకు కొంచెం కొంచెంగా మగ్గాలను తింటున్నాం. ఇప్పటికి ఒక మోటారు అయిపోయి ఉంటుంది.

అక్టోబరు 17

మామకూ కరెంటు బిల్లు తట్టుకోవడం కష్టంగా ఉందట. రెండు రోజులకు ఒకసారి రమ్మన్నాడు.

నవంబరు 9

రీడింగు చూసే మనిషి వచ్చాడు. మీటరు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. చెడిపోయిందేమోనని వేలితో తట్టి చూశాడు. కార్డు మీద రాసి ఇచ్చాడు. పదకొండు రూపాయలు.

మా వీధిలో ఇంత తక్కువ ఎవరికీ లేదు.

నవంబరు 22

తిరువళ్ళూరు వెళ్ళాను. నటరాజు బావను కలిశాను, మిల్లు గేటు దగ్గర. ఖాకీ చొక్కా వదులుగా వేలాడుతోంది. నాకు కూడా ఏదైనా చూడమని అడిగాను. ఆయన నా పెట్టా పుంజూ గుర్తు చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. రాత్రి షిఫ్టు ఖాళీ పడితే కబురు పెడతానన్నాడు. నా దగ్గర చిల్లర లేదని ఆయనే టీ డబ్బులిచ్చాడు.

తిరుగు దారిలో తిరుత్తణిలో బస్సు మారాలి. రామానుజం అన్న చూసి, ఏమప్పా, ఐదు నెలలుగా కనబడలేదని లోపలికి లాక్కుపోయాడు. బెంచీ నిండుగా ఉంది. అందరివీ బిల్లులే. ఒకరికి తొంభై, ఒకరికి నూట నలభై. నీకెంత వచ్చింది అన్నాడు.

చెప్పకుండా ఉండాల్సింది. మగ్గాలు అమ్మేశానని చెప్పాల్సింది. నోట్లోకి మాట వచ్చింది కూడా. జూన్‌లో బెంచీ మీద జాలిగా తిరిగిన ఆ ముఖాలే ఇప్పుడూ తిరిగాయి.

"పదకొండు" అన్నాను.

రామానుజం అన్న కళ్ళజోడు సరిచేసుకున్నాడు. "పొదటూరుపేటలోనా? మగ్గాలకీ కలిపేనా?"

"ఇంటికంతా ఒగటే బిల్లు" అన్నాను.

అన్న చీటీ తీసి రాసుకున్నాడు. ఊత్తుకోట బావమరిది చేను అమ్మేశాడట, చోటు కోసమే ఆగాడట, వెంటనే కబురు చేస్తానన్నాడు. పక్కనున్నాయన నాకు చోటు ఇచ్చి జరిగాడు. నేను కూర్చున్నాను. నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాను. ఎన్ని పీసులు దిగుతున్నాయని వాళ్ళెవరూ అడగలేదు. అందరూ మా వాళ్ళే, అడగరు.

నవంబరు 23

రామానుజం అన్నకు నిజం రాయాలి. ఈరోజే.

నవంబరు 26

కార్డు కొన్నాను.

డిసెంబరు 3

ఊత్తుకోట నుంచి ఒకాయన భార్యతో వచ్చి, మా వీధి చివర ఖాళీ ఇల్లు చూసుకుని అడ్వాన్సు ఇచ్చి వెళ్ళాడని సుందరరాజులు మామ చెప్పాడు. నాలుగు మగ్గాలు పెడతాడట. చాలా సంతోషంగా ఉన్నాడట. నా ఇల్లు ఎక్కడని అడిగాడట, మళ్ళీ వచ్చినప్పుడు కలుస్తానన్నాడట.

కార్డు బీరువా మీదే ఉంది. అడ్రసు మాత్రం రాశాను.